ఐదుకూ ఆరుకూ నడుమ

సైకిలు తుడవడం లక్ష్మీనరసమ్మ పని. ఎక్కడం శ్రీరంగప్ప పని. పొద్దున కొళాయి దగ్గర గంటసేపు వరుసలో నిలబడి రెండు బిందెలు తెచ్చి, సంగటికి ఎసరు పెట్టి, ఆ ఎసరు మరిగేలోపు ఆమె పాతగుడ్డ తీసుకుని వసారాలోకి వస్తుంది. చువ్వలు ఒక్కొక్కటీ తుడుస్తుంది. హ్యాండిల్ మెరిసేదాకా రుద్దుతుంది. గొలుసుకు రెండు చుక్కల నూనె వేస్తుంది. తొమ్మిదిన్నరకు ఆమె భర్త శ్రీరంగప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని, పంట్లానుకు క్లిప్పు పెట్టుకుని, ఆ సైకిలెక్కి ఆఫీసుకు పోతాడు. ఆఫీసు అర మైలు. సాయంత్రం దాకా అది అక్కడి రేకుల షెడ్డులో నిలబడి ఉంటుంది. లక్ష్మీనరసమ్మ పాఠాలు చెప్పే బడి నాలుగు మైళ్లు. ఆమె నడిచి పోతుంది.

పేరుకు బస్సులు ఉన్నాయి. బెంగళూరు రోడ్డు మీద పోయే ఏ బస్సుకైనా బడి ఉన్న పల్లె దారిలోనే. కానీ నాలుగు మైళ్ల టికెట్టుకు బండి ఆపడానికి కండక్టరుకు మనసొప్పదు. ఆపిన రోజు తొమ్మిదింటికల్లా బడిలో ఉంటుంది. ఆపని రోజు, గడియారస్తంభం దగ్గర అరగంట ఎదురుచూసి, ఇక లాభం లేదని నడక మొదలుపెడితే తొమ్మిదిన్నర దాటుతుంది. పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం అది. రెండేళ్లుగా వానలు సరిగా లేక కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నీళ్లు ఆలస్యమైతే వంట ఆలస్యం, వంట ఆలస్యమైతే బస్సు పోతుంది, బస్సు పోతే హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన ఎర్రగీత పడుతుంది. కొళాయికీ ఎర్రగీతకూ ఉన్న సంబంధం ఆ పట్టీలో రాయడానికి గడి లేదు.

కార్తీకం నెలలో ఒక సోమవారం హెడ్‌మాస్టరు జయరాముడు ఆమెను పిలిచాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ముక్కుసూటి మనిషి.

"ఏమమ్మా, ఈ నెల్లో ఏడు గీతలు. నేనెన్నిసార్లని కప్పిపెట్టేది? సంక్రాంతి సెలవులకు ముందు ఇనస్పెట్రు వస్తాడు. చూసినాడంటే నిన్ను గుమ్మఘట్ట పక్క ఏ మారుమూలకో ఏస్తాడు. మళ్లా నన్నేమనొద్దు."

ఆ రాత్రి అన్నం దగ్గర ఆ మాట చెప్తే శ్రీరంగప్ప తల ఎత్తకుండానే అన్నాడు. "అంత దూరం ఎవరు పంపిస్తారు నిన్ను? మానేయ్. ఇంట్లో పని లేదా?"

మానేయ్ అనే మాట ఆయన నోట ఎంత తేలిగ్గా వచ్చిందో, మజ్జిగ పొయ్యి అన్నట్టే వచ్చింది. ఆమె మజ్జిగ కూడా పోసింది. పోస్తూ ఆలోచించింది. ట్రైనింగుకు పోవడానికి నాయనను ఒప్పించేందుకు రెండు రోజులు పస్తున్న సంగతీ, మొదటిసారి నల్లబల్ల మీద 'అ' రాసినప్పుడు వెనకనుంచి ముప్పైరెండు గొంతులు ఒక్కసారిగా లేచిన సంగతీ ఈయనకు తెలియవు. చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. మర్నాడు పొద్దున సైకిలు తుడుస్తూ ధైర్యం చేసి అడిగింది.

"మీ ఆఫీసు దగ్గరే గదా. మీరు నడిచిపోతే, సైకిలు నేను నేర్చుకుంటా."

శ్రీరంగప్ప నవ్వాడు. కోపం చేసుకుని ఉంటే బాగుండేది. కోపానికైతే జవాబు చెప్పొచ్చు. ఆ సాయంత్రానికల్లా అది ఆఫీసులో నలుగురూ చెప్పుకునే తమాషా అయింది. ఇంటికొచ్చి ఆ తమాషాను వాళ్లమ్మకు కూడా చెప్పాడు. అత్త హనుమంతమ్మ మాత్రం నవ్వలేదు.

"పెండ్లయి ఐదేండ్లాయ. కడుపు పండలేదు. ఇంగ సైకిలు తొక్కితే ఉండే ఆశ కూడా పోతాది," అంది.

వీధి మలుపులో బుడేన్ సాబ్ సైకిళ్ల అంగడి ఉంది. అంగట్లో కూర్చునేది బుడేన్ సాబ్. పరదా వెనక, ఇంటి వసారాలో, పంక్చర్లు వేసేదీ చక్రాలు సరిచేసేదీ ఆయన భార్య దాదాబీ. లక్ష్మీనరసమ్మ భర్త సైకిలుకు గాలి కొట్టించడానికి పోయినప్పుడల్లా ఇద్దరూ రెండు మాటలు మాట్లాడుకునేవాళ్లు. ఆ వారం ఆమె ముఖం చూసి దాదాబీ అడిగింది. లక్ష్మీనరసమ్మ అంతా చెప్పేసింది. దాదాబీ చేతులకున్న నల్లనూనె తుడుచుకుని లోపలికి పోయి, గోనెసంచులు తొలగించి ఒక సైకిలు చూపించింది. ముందు కడ్డీ లేని ఆడవాళ్ల సైకిలు. ఎప్పుడో ఒక డాక్టరమ్మ ఊరు విడిచి పోతూ అమ్మిపోయిందట.

"నాలుగేండ్లాయ టీచరమ్మా. బాడుగకు అడిగే ఆడమనిషి లేదు. ఊరికే తుప్పు పడతాండాది. నువ్వు తీస్కపో."

"నాకు రాదే దాదాబీ."

"నాకు మాత్రం వస్తాదా? ఈ ఊర్లో సగం సైకిళ్లు నా చేతిలో బాగైనవే. ఒక్కదాని మీదా కూసోలేదు. కానీ ఎట్ల తొక్కాల్నో చక్రానికి తెలుసు గదా. నేను పట్టుకుంటా, నువ్వు తొక్కు."

మూడు ఆదివారాలు, తెల్లారీ తెల్లారకముందు, ఎండిపోయిన చెరువులో నేర్చుకుంది. చెరువు పగుళ్లిచ్చి రాయిలా ఉంది. దాదాబీ బురఖా నడుంలో దోపుకుని క్యారియరు పట్టుకుని పరిగెత్తింది. మొదటి ఆదివారం లక్ష్మీనరసమ్మ పదకొండుసార్లు పడింది. రెండో ఆదివారం నాలుగుసార్లు. మూడో ఆదివారం ఎంత దూరం పోయినా దాదాబీ మాట వినపడకపోయేసరికి వెనక్కి తిరిగి చూసింది. దాదాబీ ఎక్కడో దూరంగా, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. పట్టు వదిలేసి ఎంతసేపైందో. చీర కుచ్చెళ్లు చిక్కుకోకుండా వెనక చక్రానికి రెండు పక్కలా గట్టి దారంతో వల అల్లి కట్టింది దాదాబీ. ఆ పని ఎవరూ నేర్పలేదు. తనే ఆలోచించి చేసింది.

ఇంట్లో వాళ్లకు సోమవారం పొద్దున తెలిసింది. శ్రీరంగప్ప చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిటికీలోంచి చూసి, "ఏమే" అన్నాడు. ఆమె వీధి మలుపు తిరిగింది.

చెరువు వేరు, గడియారస్తంభం వేరు. వేరుశనగ కాయలు మిల్లులకు వచ్చే కాలం. ఎద్దుల బండ్లు ఒకదాని వెనక ఒకటి బారు కట్టి ఉన్నాయి. వాటి మధ్య జట్కాలు, జట్కాల మధ్య కాలేజీ పిల్లల సైకిళ్లు, అన్నిటినీ తోసుకుంటూ లారీ హారన్లు. ఆమె గంట కొట్టింది. ఆ గోలలో అది ఆమెకే వినపడలేదు. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "లేడీసు వస్తాంది, దారీయండ్రప్పా" అన్నారు, నవ్వులు. చెవులు వేడెక్కాయి. దిగి నడిపించుకుంటూ పోదామా అనుకుంది. దిగితే మళ్లీ ఇంతమంది ముందు ఎక్కలేనేమో అని భయం. ఆ ఆలోచనలో ఉండగానే వెనకనుంచి బస్సు హారను కొట్టింది. పక్క బండి ఎద్దు బెదిరి మెడ విసిరింది. ఆ కొమ్ము తగలకుండా హ్యాండిల్ తిప్పింది, అంతే. మోకాలు రాతికి కొట్టుకుంది. గాజులు చిట్లాయి. పైట జారింది. ముందు పైట సర్దుకుని, తరువాతే మోకాలు చూసుకుంది.

బండివాడు కిందికి దూకాడు. తిప్పన్న అట అతని పేరు, తరువాత తెలిసింది. సైకిలు లేపి, ముందు చక్రం రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, వంకరపోయిన హ్యాండిల్ సరిచేశాడు.

"లేయమ్మా. ఎద్దు బెదిరింది. నీదేం తప్పు లేదు. యాడికి పోవాల?"

"బడికి."

"అయితే పో. పొద్దెక్కతాంది."

అంతే అన్నాడు. జాగ్రత్త అనలేదు, నీకెందుకమ్మా ఇది అనలేదు. ఆమె ఎక్కింది. తొక్కింది. ఊరు దాటాక గానీ కళ్లలో నీళ్లు రాలేదు. వచ్చినవి కూడా ఎదురుగాలికి ఆరిపోయాయి. బడి చేరేసరికి మొదటి గంట ఇంకా కొట్టలేదు.

సాయంత్రం శ్రీరంగప్ప ఆమెకోసం గడపలోనే నిలబడి ఉన్నాడు.

"మా ఆఫీసు ఆదెప్ప చెప్పినాడు. గడియారస్తంభం కాడ పడినావంట గదే. మధ్యాన్నం దాకా అదే మాట ఆఫీసులో. నేను తల యాడ పెట్టుకునేది?"

దెబ్బ తగిలిందా అని అడుగుతాడేమోనని ఒక్క క్షణం ఆగింది. అడగలేదు. అత్త మాత్రం తిడుతూనే పసుపు నూరి తెచ్చింది. తిడుతూనే మోకాలికి పట్టు వేసింది. "రేపు పోతే కాలిరగ్గొడతా" అంటూనే గుడ్డ కట్టింది.

తరువాత ఆమె చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుని ఆలోచించింది. వాళ్లు అన్నదాంట్లో నిజం ఉందేమో. రేపు లారీ కింద పడితే? కడుపు నిజంగానే పండకపోతే? పల్లెలో పిల్లల తల్లులు ఏమనుకుంటారు? ఈ ప్రశ్నలన్నీ ఆమెవేనా, లేక ఐదేళ్లుగా వింటూ వింటూ ఆమె గొంతు తెచ్చుకున్న మాటలా? విడదీసి చూడబోతే ఒకటే తెలిసింది. పడ్డప్పుడు మోకాలు నొప్పి పెట్టింది. లేచి మళ్లీ ఎక్కినప్పుడు నొప్పి పెట్టలేదు. ఆ ముక్క ఒక్కటీ ఎవరూ చెప్పగా విన్నది కాదు.

పొద్దున కుంటుకుంటూనే నీళ్లు తెచ్చింది, వండింది, సైకిలు బయటికి తీసింది. శ్రీరంగప్ప పత్రిక మడతలోంచి చూశాడు. హనుమంతమ్మ కాలు విరగ్గొట్టలేదు.

రోజులు గడిచేకొద్దీ రోడ్డు ఆమెకు అర్థమవసాగింది. బస్సు హారను కొట్టకముందే ఎడమకు జరగాలి. జట్కావాడు ఎప్పుడూ చెప్పకుండా ఆగుతాడు. ఎద్దు కళ్లు చూస్తే అది బెదురుతుందో లేదో తెలుస్తుంది. మనిషి కళ్లు చూడకపోవడమే మంచిది. పదిహేను రోజులకు ఈలలు ఆగిపోయాయి. నెలకు, బండ్లవాళ్లే "టీచరమ్మ వస్తాంది, పక్కకు కొట్టు" అని ముందువాడికి అరిచి చెప్పడం మొదలుపెట్టారు. రైల్వేగేటు దాటితే ఊరి గోల తెగిపోతుంది. రెండు వైపులా పీకేసిన వేరుశనగ చేలు, ఎర్రమన్ను, దూరంగా గుట్టలు, తలమీద ఇంతింత ఆకాశం. అక్కడ ఆమెను ఏమే అని పిలిచేవాళ్లు లేరు, ఏమమ్మా అని పిలిచేవాళ్లు లేరు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఎవరి చేతికీ ఏదీ అందించనక్కరలేని సమయం అదొక్కటే. ఇల్లు అయిపోయి, బడి మొదలుకాని ఆ కాస్త దూరం.

ఇనస్పెక్టరు వచ్చి పట్టీ చూశాడు. ఆయన పోయాక జయరాముడు ఆమెను పిలిచి ఆ పేజీ తిప్పి చూపించాడు. ఆ నెల ఒక్క ఎర్రగీత లేదు.

"ఏమీ అనలేదమ్మా. నీ పేరు కాడ ఆగలేదు కూడా. గుమ్మఘట్ట మాట ఇంక మర్చిపో."

ఆమె సరే సార్ అని బయటికొచ్చి, బడి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఇంత భయపడి ఉన్నానా అని ఆమెకే ఆశ్చర్యం. దాదాపు రెండు నెలలుగా గుండెమీద మోస్తున్న బరువు, దించిన తరువాత గానీ ఎంతుందో తెలియలేదు. ఊపిరి లోపలికంతా పోతోంది. కుండలో నీళ్లు ముంచుకుని కడుపునిండా తాగింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం శ్రీరంగప్ప మంచి హుషారు మీద ఉన్నాడు. ఆఫీసులో ఎవరో పెద్దాయన, "మీ ఇంట్లో ఆమె ధైర్యస్థురాలప్పా" అన్నాడట. దాంతో ఆయనకు ఆమె సైకిలు ఉన్నట్టుండి తన ఘనతలా కనపడింది.

"చూడు, బడి నాలుగున్నరకు వదుల్తారు. సైకిలుంది గదా, ఐదుకంతా ఇంట్లో ఉంటావు. కొళాయి ఇప్పుడు సాయంకాలం ఐదుకు వదుల్తాండారు. అమ్మకు చేత గాదు, నువ్వే పట్టు. మా వాళ్లు ముగ్గురు అప్పుడప్పుడు కాఫీకి వస్తామంటాండారు."

"రాగులు ఇసిరేది కూడా సాయంకాలానికి పెట్టుకోవచ్చు," అంది హనుమంతమ్మ.

లక్ష్మీనరసమ్మ వింటూ కూర్చుంది. నడిచి వచ్చే రోజుల్లో ఆరయ్యేది ఇల్లు చేరేసరికి. ఆ గంటను తను సంపాదించింది. చెరువులో పదిహేనుసార్లు, స్తంభం దగ్గర ఒకసారి పడి సంపాదించింది. ఆమె చూస్తుండగానే తల్లీ కొడుకూ దాన్ని పంచుతున్నారు, నీళ్లకింత, రాగులకింత, కాఫీకింత. ఇద్దరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆమె దగ్గర మిగిలింది ఏదైనా ఇంటిదే అని వాళ్ల నమ్మకం. మొన్నటిదాకా ఆమె నమ్మకం కూడా అదే.

"నేను ఆరుకు వస్తా," అంది.

"బడి నాలుగున్నరకే గదా వదిలేది?"

"అవును. ఐదుకు ఇల్లు చేరొచ్చు. కానీ ఆరుకే వస్తా."

శ్రీరంగప్ప అర్థం కానట్టు చూశాడు. "ఆ గంట ఏం చేస్తావు?"

"ఇంకా అనుకోలేదు."

"యాడుంటావమ్మీ అంతసేపు?" అత్త అడిగింది.

"రోడ్డు మీదే ఉంటా అత్తా. వచ్చేపోయేవాళ్లు చూస్తానే ఉంటారు."

"మరి నీళ్లు?" అన్నాడు శ్రీరంగప్ప.

"మీరు ఐదుకంతా వచ్చేస్తారు గదా. మీ సైకిలుకు చెరో పక్క బిందె తగిలించుకుంటే ఒక్క తిరుగుడు."

ఎందుకు రానో చెప్పాలని, బతిమాలాలని నోటిదాకా వచ్చిన మాటల్ని ఆమె లోపలే ఉంచుకుంది. లేచి కంచాలు తీసింది.

మొదటి రోజు ఇంట్లో నీళ్లు లేవు. రెండో రోజు హనుమంతమ్మ ఒక్క బిందె తెచ్చి వీధంతా వినపడేలా మూలిగింది. మూడో రోజు శ్రీరంగప్ప ముఖం గంటు పెట్టుకుని సైకిలుకు రెండు బిందెలు తాడుతో కట్టుకుని పోయాడని దాదాబీ చెప్పింది.

ఆ మూడో రోజు సాయంత్రం లక్ష్మీనరసమ్మ బెంగళూరు రోడ్డు మీద, ఊరికి మైలు దూరంలో, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ గట్టు మీద కూర్చుని ఉంది. మొదటి రెండు రోజులూ పలకలు దిద్దడానికి తెచ్చుకుంది. ఈ రోజు ఏమీ తెచ్చుకోలేదు. ఎండ పసుపుపచ్చగా మారి గుట్టల మీదికి జరుగుతోంది. మిల్లులో కాయలు దించి ఖాళీ బండితో పల్లెకు మళ్లిన ఒక ముసలాయన ఆమెను చూసి ఎద్దుల పగ్గం లాగాడు.

"ఏమ్మా, సైకిలు చెడిపోయిందా?"

"లేదు తాతా."

"కాలు నొప్పా? బండెక్కుతావా?"

"ఏం లేదు తాతా. ఊరికే కూచున్నా."

ముసలాయన, అది కూడా ఒక పనే అన్నట్టు తలూపి, ఎద్దుల్ని అదిలించాడు. బండి కదిలిపోయింది. ఊరికే కూర్చున్నానని తన గురించి తాను చెప్పుకోవడం ఆమెకు ఇరవై ఏడేళ్లలో అదే మొదటిసారి.