అమర్‌సింగ్ గోడకు రెండు సెకన్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని జనగామలో నన్నెరిగిన వాళ్లందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. ఇరవై ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్న ఆడదానికి ఆ మాత్రం కోపం లేకపోతే, పెళ్లిళ్లలో పెళ్లికొడుకు దోస్తులంతా నెత్తినెక్కి కూర్చుంటారు. కానీ ఆ రోజు మా స్టూడియో మెట్లెక్కి వచ్చిన ముసలాయన కోపం ముందు నాదెంత?

రెండు వేల పదకొండు, సెప్టెంబరు నెల. సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ముసలాయన తలపాగా సర్దుకుంటూ లోపలికొచ్చి, నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్కను నా బల్ల మీద పరిచాడు.

"గీ ఫోటో తీసినోడెవడు?"

అది హైవే పక్కనున్న పాత బడి ఫోటో. రోడ్డు వెడల్పు కోసం ఆ బడిని దసరా దాటగానే కూలగొడతారని వార్త, దాని పక్కన ఈ ఫోటో.

"తీసినోడు కాదు తాతా, తీసినదాన్ని నేనే. ఏమైంది?"

"ఏమైందా? నీకు కండ్లున్నయా బిడ్డా? గోడ ఎనుకకు వాలిపోయింది సూడు! నా గోడ గిట్లున్నదా? పోయి సూసొద్దాం పా, గిప్పుడే పా!"

ఆయన వెనకే ఆయాసపడుతూ వచ్చిన ఆడమనిషి, "మా బాపు మాటలు మనసుల పెట్టుకోకు అక్కా, పొద్దటి సంది గిదే లొల్లి," అంది. ఆమె పేరు జమున. సంగతంతా ఆమే చెప్పింది.

ముసలాయన పేరు అమర్‌సింగ్. బయ్యారం దిక్కు ఒక తండా ఆయనది. ఇప్పుడు జనగామలో బిడ్డ దగ్గరుంటున్నాడు. యాభై ఏళ్ల కింద ఈ బడి కడుతున్నప్పుడు డంగు సున్నం మోసే కూలీగా వచ్చాడు. నడిమిట్ల పెద్ద మేస్త్రికి చలిజ్వరం పట్టుకుంటే, ముందరి గోడ లేపే పని ఈయన చేతికొచ్చింది. తండా పిల్లగాడు తాపీ పట్టిండా, ఇగ గోడ తెల్లారేసరికి పండుకుంటదని తక్కిన మేస్త్రీలు పడీ పడీ నవ్వారట. ఆయన కట్టిన మొదటి గోడ అది. ఇంతవరకు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఆనాడు నలుగురు నవ్విండ్రు. నువ్వు పేపర్లేసి ఊరందరితోని నవ్విస్తున్నవ్," అన్నాడు అమర్‌సింగ్. గొంతు తగ్గింది కానీ కోపం తగ్గలేదు. "దసరా పోతే గోడ ఉండది. గీ వంకర బొమ్మనే ఉంటది. అమర్‌సింగ్ కట్టింది గిదే అంటరు."

 ఎదురు చెప్పడానికి నాకు మొహం ఉండాలి కదా! ఆ ఫోటోను పేపరువాళ్లు అడిగితే స్కూటీ దిగకుండా, చిన్న డిజిటల్ కెమెరాతో తీశాను. రెండంతస్తుల బడి మొత్తం పట్టాలని కెమెరా మూతి పైకెత్తాను. మూతి పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయని మా నాయిన నాకు పన్నెండేళ్లప్పుడే చెప్పాడు. ఆయన బతికుండి ఆ పేపరు చూసి ఉంటే నా వీపు విమానం మోత మోగేది.

స్టూడియో మూలన నాయిన వాడిన పెద్ద చెక్క కెమెరా ఇంకా ఉంది. అరచేతి వెడల్పు ఫిల్ము ఒక్కొక్కటే పెట్టి తీసే రకం. దాంతో వచ్చే సుఖమేమిటంటే, కెమెరాను మట్టసంగా నిలబెట్టి, ముందున్న లెన్సును మాత్రం పైకి జరపొచ్చు. కెమెరా తలెత్తదు కాబట్టి గోడ వాలదు.

"తప్పు నాదే తాతా. కూలగొట్టే లోపల నీ గోడ ఎట్లున్నదో అట్లనే తీసిస్త," అన్నాను.

"మాటనా?"

"మాట."

అన్నానే కానీ, వాళ్లు వెళ్లాక వెతికితే ఫ్రిజ్‌లో మిగిలిన ఫిల్ములు రెండే రెండు. వాటికి కూడా తేదీ దాటిపోయింది. కొత్తవి హైదరాబాదు నుంచి రావాలి, తెచ్చే బస్సేది? లెన్సులు మూడున్నాయి కదా అనుకుంటే నూట యాభై మిల్లీమీటర్లదానికి లోపలంతా బూజు. ఇక మిగిలినవి తొంభై, రెండు వందల పది.

తొంభై వెడల్పుగా చూస్తుంది. బడి ముందు, రోడ్డు అంచునే నిలబడితే చాలు, గోడంతా పడుతుంది. కానీ ఆ లెన్సు పిసినారిది. అది లోపల పరిచే వెలుగు చిన్న గుండ్రం, ఫిల్ముకు సరిగ్గా సరిపోయేంతే. లెన్సును పైకి జరిపామంటే మూలలకు వెలుగు అందదు. రెండు వందల పదిది పెద్ద చెయ్యి, ఎంత జరిపినా మూలలదాకా వెలుగు పోస్తుంది. కాకపోతే దానికి దూరం కావాలి. నూట అయిదు అడుగులు. అడుగులేసి కొలుచుకుంటే ఆ చోటు సరిగ్గా హైవే నడిమధ్యలో తేలింది.

సులువుది చూసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. మర్నాడు తొంభై బిగించుకుని పోయాను. లెన్సు కన్నం బాగా చిన్నది చేస్తే మూలలు తేరుకుంటాయిలే అనుకుని ఒక ఫిల్ము ఖర్చు పెట్టేశాను. కడిగి చూస్తే పై మూలలు రెండూ నల్లగా మాడిపోయాయి. చివరి స్తంభాలు బలిసి పక్కలకు సాగాయి. అయినా నిటారుగా ఉంది కదా అని అచ్చువేసి జమున ఇంటికి పట్టుకుపోయాను.

అమర్‌సింగ్ బొమ్మను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నిటారుంది. మంచిగుంది. గని మూలలేవి?"

"జర నల్లగైనయి తాతా. గోడైతే కనబడుతున్నది గద."

"మేస్త్రి గోడను నడిమిట్ల నుంచి లేపడు బిడ్డా. ముందుగాల గీ మూల, గా మూల లేపుతడు. గుండు ఏలాడదీసి సరిచూసుకుంటడు. రెండిట్ల నడుమ దారం కట్టినంక తక్కిందంత ఎవడైనా నింపుతడు." బొమ్మ నా చేతిలో పెట్టేశాడు. "నేను కట్టింది మూలలే. అవే లేవు గిండ్ల."

అంతకంటే పది తిట్లు తిట్టినా బాగుండేది. ఇన్నేళ్లలో ఎన్ని కట్టడాలు తీసుంటాను! గోడ ఎక్కణ్నుంచి లేస్తుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక ఒక్క ఫిల్ము, ఒక్క లెన్సు. రెండు రోజులు వరసగా పొద్దున్నే హైవే మీదికి పోయాను. సమ్మెతో భూపాలపల్లి బొగ్గు లారీలు ఆగిపోయాయి కానీ, మిగతావాటికి దారి దొరికి ఇంకా జోరెక్కాయి. నడిరోడ్డున స్టాండు కాళ్లు విప్పేలోపే హారన్లు. ఒక డ్రైవరు మా వంశాన్నంతా తిట్టాడు. నేను ఊరుకుంటానా? లారీ మలుపు తిరిగేదాకా తిట్టాను. అయితే తిడితే రోడ్డు ఆగదు. దసరా ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. నాకు నిద్ర పట్టడం మానేసింది.

అప్పుడు చాటింపు వేశారు. హైవే మీద వంటావార్పు, పొద్దటి నుంచి పొద్దుగూకేదాకా బండి కదలదని. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అమర్‌సింగ్‌ను స్కూటీ వెనకాల కూర్చోబెట్టుకుని, కెమెరా పెట్టె జమునకిచ్చి పక్కన నడిపించుకుంటూ పోయాను.

రోడ్డంతా జనం. పొయ్యిలు, గంజులు, డప్పులు, జెండాలు, "జై తెలంగాణ" కేకలు. సరిగ్గా బడి ముందర, గోడ సగం కప్పేస్తూ పెద్ద షామియానా! దాని కింద గాడిపొయ్యి, పొగ తిన్నగా గోడ మీదికి. 

పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్నావిడ రాజమణి. అదే బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి.

"అక్కా, షామియానా జర పక్కకు జరుపుతరా? ఫోటో తీసుకోవాలె," అన్నాను. ఇంకాస్త మెత్తగా అడిగి ఉండాల్సింది.

"ఏందమ్మా? రెండొందల మందికి వండుతున్నం. మా తెలంగాణ కంటె నీ ఫోటో ఎక్కువైందా?"

నాకు నషాళానికెక్కింది. నోటిదాకా వచ్చిన మాట బయటపడే లోపే అమర్‌సింగ్ నన్ను పక్కకు తోసి ముందుకొచ్చాడు. కోపం లేదు ఆయన మొహంలో.

"నా కోసమే బిడ్డా. గీ గోడ నేనే కట్టిన. కూలగొడుతరంట గద. పోయే లోపల దాని బొమ్మ మంచిగ తియ్యమని నేనే అడిగిన."

రాజమణి గోడను చూసింది, ఆయన్ను చూసింది.

"నువ్వు కట్టినవా? ఎనిమిదేండ్ల సంది గీ గోడ నీడలనే వండుతున్న తాతా." వెనక్కి తిరిగి కేకేసింది. "ఓ హన్మంతూ, షామియానా తాళ్లిప్పుండ్రి! పొయ్యిల కట్టెలు బయటికి గుంజుండ్రి!"

"అన్నం పలుకైతదక్కా!" అన్నాడు హన్మంత్.

"కానియ్యి. తింటే చావం."

షామియానా దిగింది. పొగ పలచబడింది. నడిరోడ్డు మీద, తెల్ల గీత మీద స్టాండు నిలబెట్టాను. రెండు వందల పది బిగించి, లెన్సు పైకి జరిపి, నల్లగుడ్డ కిందికి అమర్‌సింగ్‌ను పిలిచాను. వెనకున్న గాజుపలక మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని ముందే చెప్పాను. ఆయన చాలాసేపు బయటికి రాలేదు.

"కిందిమీదైనా నిటారే ఉన్నది," అన్నాడు గుడ్డలోంచి.

"మూలలు?"

"రెండున్నయి."

ఆకాశం మబ్బు, ఫిల్ము పాతది. రెండు సెకన్లు వెలుగు పట్టాలి. గోడ ముందు కూర్చున్నవాళ్లతో అదే చెప్పాను. "గోడ ఆగుతది, మీరే ఆగరు. కదిలినోళ్లు పొగ లెక్క వస్తరు. లేకుంటె పక్కకన్న జరుగుండ్రి."

"పొగ లెక్కెందుకొస్తం? మనుషుల్లెక్కనే వస్తం," అంది రాజమణి. "డప్పు బంద్ చెయ్యుండ్రి! ఎవరూ కదలొద్దు, రెప్ప గూడ కొట్టొద్దు!"

అంతవరకు గొంతులు చించుకున్న హైవే ఆగిపోయింది. జెండాలు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. నేను కన్నం తెరిచాను. ఒకటి, రెండు. మూశాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరైనా చూశారేమోనని కెమెరా సర్దుతున్నట్టు వంగాను.

అన్నం నిజంగానే పలుకైంది. నడిరోడ్డు మీద కూర్చుని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. నా కోసం కాదు, ఒక ముసలాయన గోడ కోసం పొయ్యి ఆర్పుకున్న వాళ్ల చేతి అన్నం. ఇన్నేళ్లు నేను ఒంటిచేత్తో బతుకుతున్నానని విర్రవీగాను. వాళ్లందరికీ, నా తప్పు నా మొహాన కొట్టి చెప్పిన అమర్‌సింగ్‌కు, కనపడని మా నాయినకు మనసులోనే దండం పెట్టుకున్నాను. రాజమణికైతే నీ మేలు మరవనని పైకే చెప్పాను. "ఇంకింత పప్పెయ్యనా?" అంది ఆమె.

ఫిల్ము కడిగాను. తేదీ దాటినదైనా అది చెడలేదు. కరెంటున్న రెండు గంటల్లో పెద్ద కాగితం మీద అచ్చువేశాను. దసరా తెల్లవారి జమున ఇంటికి పోయేసరికి, బడి దగ్గరికి అప్పటికే కూలగొట్టే మిషను వచ్చి నిలబడి ఉంది.

అమర్‌సింగ్ బొమ్మను వాకిట్లోకి, ఎండలోకి తెచ్చుకున్నాడు. ముందు ఎడమ మూల చూశాడు. పైనుంచి కిందిదాకా గోటితో మెల్లగా గీశాడు. తర్వాత కుడి మూల. ఆ తర్వాతే గోడ కింద గరిటెలు, జెండాలు పట్టుకున్న మనుషులను ఒక్కొక్కరినే చూశాడు. ఒక్కరి మొహమూ చెదరలేదు.

"తాతా, మిషనొచ్చింది," అన్నాను. ఎలా చెప్పాలో తెలియక అట్లాగే చెప్పేశాను. "పోయి ఒకసారి చూసొద్దమా?"

ఆయన బొమ్మ మీంచి తలెత్తలేదు.

"ఎందుకు బిడ్డా? నా గోడ గిక్కడున్నది. ఇగ దాన్ని కూలగొట్టుకోమను."