బుడంకాయ నోటికి చెంచా

కోడలు పిల్లాడి కడుపు మాడుస్తోందని ఇస్త్రీ బండి ఆవిడ అన్నదట. పక్కింటావిడ ఆ మాట మోసుకొచ్చి గుమ్మంలో దించింది. అత్తగారు దాన్ని వంటింట్లోకి తెచ్చి, కాస్త ఉప్పూ కారం అద్ది, కోడలి ముందు పెట్టింది.

"నేనన్నాననుకునేవు సుమా! వీధంతా అనుకుంటోంది, అయిదో నెలొచ్చినా ఇంకా ఉత్త పాలేనా అని."

కోడలు దర్జీ. సోమవారం నుంచి మళ్లీ దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చోవాలి. ఆమె కూర్చోకపోతే ఆ చోట కూర్చోవడానికి యజమాని మరదలు కాచుకుని ఉంది. బుడంకాయగాడేమో తల్లిపాలే పిండి సీసాలో పోసిచ్చినా మూతి తిప్పేస్తున్నాడు. ఆరో నెల నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ఆమె పట్టు. పట్టు వదలడానికి మనసొప్పదు, పని వదిలితే ఇల్లు గడవదు.

"మనం తింటుంటే వాడి దవడలు ఆడుతున్నాయే! ఆకలి కాకపోతే ఏమిటది?" అంది అత్తగారు.

"మొన్న నా కత్తెర చూసి కూడా ఆడించాడత్తయ్యా. అదీ పెట్టమంటారా?"

ముందు గదిలో కుర్చీకాలు చిత్రిక పడుతున్న భర్త తన వంతు పుల్ల వేశాడు. "మా తాపీమేస్త్రీ మనవడు వీడి ఈడువాడే. అప్పుడే గిన్నెలు నాకేస్తున్నాడట."

"రేపు గోడ కూడా కడతాడు లెండి. మనవాడి చేత ఇసుక మోయిద్దాం."

అంతలో పిల్లల్ని తూకం వేసే నర్సు వచ్చింది. బుడంకాయ బాగానే బరువెక్కాడంది. అయినా అత్తగారు ఊరుకోలేదు. పళ్లెం కింద దాచిన అరటిపండు గుజ్జు బయటికి తీసి, వీధివీధంతా తన వెనకే ఉన్నట్టు వాదించింది.

"ముందు ఉత్త చెంచా పెట్టి చూద్దాం," అంది నర్సు.

చెంచా పెదవికి తగిలిందో లేదో, బుడంకాయ నాలుకతో బయటికి నెట్టాడు. మళ్లీ పెడితే మళ్లీ నెట్టాడు. కూర్చోబెడితే తడిసిన గోనెసంచిలా పక్కకు ఒరిగాడు.

"ఆ నాలుకకి ఇంకా తొయ్యడమే వచ్చు, మింగడం రాదు. కొన్నాళ్లు ఆగండి."

"మావాడు నాలుగో నెలలోనే తిన్నాడమ్మా!"

"తిన్నాడా, మీరు కుక్కారా?"

అత్తగారు కొడుకు వంక ఓసారి చూసింది. "సగం నా ఒళ్లోనే ఉమ్మేవాడు, వెధవ," అని ఒప్పుకుని, గుజ్జుగిన్నె తనవైపు లాక్కుని తినడం మొదలుపెట్టింది.

నర్సు వెళ్లిపోయాక కోడలు మెల్లగా అసలు సంగతి కదిపింది. "దుకాణం రెండు సందుల అవతలేగా. వీడికి పాలవేళయినప్పుడల్లా ఎవరైనా ఎత్తుకొస్తే, అక్కడే పట్టి పంపేస్తాను. మిషనూ పోదు, వీడి పాలూ పోవు."

అత్తగారు మోకాళ్లు నిమురుకుంది. రెండడుగులేస్తే అవి చేసే రభస ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇద్దరి చూపులూ కలిసి ముందు గదిలోకి నడిచాయి. చిత్రిక ఆగింది.

"నేనా? పిల్లాణ్ణి చంకనేసుకుని బజారెంట తిరిగితే నా తోటివాళ్లు పళ్లికిలించరూ?"

అత్తగారు నోట్లో గుజ్జు మింగి అంది, "ఇకిలించనీరా. వాళ్లకి పళ్లున్నాయి. వీడికి లేవు."