ఊ కొట్టిన సభ

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఉషకు చిన్ననాటి నుంచీ తెలుసు. ఆ పూజారి మెడలో గుర్తింపు కార్డు వేసుకుని విజయనగరంలో ఎదురవుతాడని మాత్రం ఆమె ఊహించలేదు.

ప్రపంచ లఘు యానిమేషన్ చిత్రోత్సవానికి ఎంపిక సంఘం ఆమె చిత్రాన్ని ఏరుకుంది. జపాను, ఇరాన్, పోలండ్ చిత్రాల సరసన, ముగింపు రోజున ప్రదర్శన. తమ తీరపు ఇసుకను గాజుపలక మీద పరిచి, కింద దీపం పెట్టి, వలదారాలతో గీతలు తీర్చి, ఒక్కొక్క కదలికనూ ఫోటో తీసి ఏళ్ళ తరబడి కూర్చిన చిత్రమది. కథ తాతమ్మ అనే ఆమె నాయనమ్మది: సముద్రం చీర చిరిగితే రొయ్య తన మీసంతో కుట్టిన కథ. చెప్పిన గొంతూ తాతమ్మదే. పొద్దంతా వీధి వీధీ తిరిగి చేపలమ్మిన గొంతు, సాయంత్రమయ్యేసరికి మనవల కోసం మెత్తబడే గొంతు.

చిక్కు ఆ గొంతు దగ్గరే వచ్చింది. ప్రదర్శనకు ముందురోజు నిర్వాహకుడు నరసింగరావు ఉషను పిలిపించాడు.

"బొమ్మలు అద్భుతం అమ్మా. కానీ ఆ మాటలేమిటి? 'సూడు', 'సెప్పు', 'ఎలిపోనాది'... విదేశీ అతిథులు వస్తున్నారు. రేడియోలో చదివే ఆవిడ ఒకరున్నారు. రేపటికల్లా శుభ్రమైన తెలుగులో చెప్పించేస్తాను."

"ఆళ్ళు తెర కింద ఇంగ్లీషు అచ్చరాలు సదువుకుంటారు కదా సార్. ఆళ్ళకి ఏ తెలుగైతే ఏటి?"

"మనవాళ్ళు నవ్వుతారు."

"నవ్వాల్సిన కాడ నవ్వితే మంచిదే."

నరసింగరావుకు నవ్వు రాలేదు. "ఇంకొకటి. ప్రతి మాట తర్వాతా బొమ్మ కాసేపు ఆగిపోతోంది. అది పెద్ద లోపం."

"లోపం కాదు సార్, అది ఊ కొట్టడానికి. ఊ కొట్టేవోళ్ళు లేకపోతే కథ ఒడ్డుకి రాదని మావోళ్ళ నమ్మకం. మా మామ్మయితే ఊ ఇనపడకపోతే నోరే ఇప్పదు. ఆ ఖాళీ సూసేవోళ్ళ కోసం వదిలినాను." ఉష లేచి నిలబడింది. "గొంతు మార్చాలంటే నా సినిమా నాకిచ్చేయండి."

"చూద్దాం," అన్నాడాయన.

చూద్దామన్న ఒక్క మాటతో ఎంత గొయ్యి తవ్వవచ్చునో ఉషకు మరునాడు తెలిసింది.

తాతమ్మ, ఆమెతో చేపలమ్మే ఆడవాళ్ళు రెండు ఆటోల నిండా వచ్చి, హాలు నడుమ రెండు వరుసలు ఆక్రమించారు. ఇరాన్ చిత్రంలో ఉన్నితో చేసిన గొర్రెపిల్లను ఒక తల్లి తన భాషలో లాలించింది. పోలండ్ చిత్రంలో బొగ్గుగీతల ముసలివాడు తన భాషలో సణిగాడు. వాళ్ళను ఎవరూ యాస మార్చుకోమనలేదు. ఆ తరువాత తెర మీద ఇసుక కదిలింది.

సితార వాద్యం మోగింది. ఇంగ్లీషు అక్షరాలు కింద నడిచిపోతున్నాయి. తాతమ్మ గొంతు లేదు.

"ఒసే ఉషా, నా నోరేటయిపోనాదే?" తాతమ్మ ప్రశ్న హాలంతా వినిపించింది.

"తీసేసినారు మామ్మా," అంది ఉష.

"తీసేస్తే? నోరు నా కాడే ఉన్నాది కదా!"

తాతమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. "అనగనగా సముద్రానికి ఒక సీర ఉన్నాదంట..."

తెర మీద అల ఆగింది.

"ఊ!" అన్నాయి రెండు వరుసలూ.

నరసింగరావు పరుగున వచ్చాడు. "ఎవరమ్మా అది? కూర్చోండి! ఇది సంత కాదు!"

న్యాయనిర్ణేతల వరుసలోంచి ప్రిస్కిల్లా గారు లేచారు. ఒక తరం పిల్లలను హద్దులో పెట్టి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన మనిషి. ఈ ఉత్సవానికి ఆమే ముఖ్య న్యాయనిర్ణేత. "కూర్చోవలసింది మీరు, నరసింగరావు గారూ. ముందు ఆ సితార ఆపించండి."

సితార ఆగింది.

తాతమ్మ ఊపిరిని బట్టి బొమ్మలు కదిపిన చిత్రం కనుక, ఆ ఊపిరి తగలగానే దానికి ప్రాణం వచ్చింది. ఆమె "లెగిసినాది" అంటే రొయ్య మీసం లేచింది. "గుచ్చినాది" అంటే కెరటంలో దిగింది. ఊ కొట్టడం వెనక వరుసల్లోని కాలేజీ పిల్లలకు పాకింది. వాళ్ళ నుంచి విదేశీ అతిథులకు పాకింది. గడ్డపు పోలండ్ దర్శకుడి ఊ అందరికంటే బిగ్గరగా వినిపించింది. సముద్రం చీర కట్టుకునే వేళకు, పడవను ఒడ్డుకు లాగేవాళ్ళ ఊపులాగా హాలంతా ఒకే ఊ అయింది. దీపాలు వెలిగాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

ప్రిస్కిల్లా గారు చెయ్యెత్తారు. "దర్శకురాలి అనుమతి లేకుండా ఆమె చిత్రం గొంతు తీసేశారు. అన్యాయాన్ని చప్పట్లతో కప్పిపుచ్చడం నాకు సమ్మతం కాదు. చిత్రాన్ని దాని సొంత గొంతుతో మళ్ళీ వేయండి. వేసే ముందు, ఈ పని ఎవరిదో మైకులో చెప్పండి. బహుమతుల మాట ఆ తరువాతే."

నరసింగరావు మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది. ఉషగారు వద్దన్నా నేనే చేయించాను."

నిన్న ఆయన 'అమ్మా' అన్నాడు. నేడు 'గారు' అన్నాడు. ఉష తల ఎత్తుకుని కూర్చుంది.

దీపాలు ఆర్పబోతుండగా, తలుపు పక్కకు వెళ్ళి నిలబడ్డ ఆయన వైపు తాతమ్మ తిరిగింది. "బాబూ, ఈపాలి నువ్వు కూడా కొట్టాల. నువ్వు కొట్టకపోతే కథ ఒడ్డుకి రాదు, నా పూచీ లేదు."

హాలు చీకటైంది. ఈసారి తాతమ్మ గొంతు తెర పక్కనున్న స్పీకర్లలోంచి, గోడలు నిండేలా పలికింది: "అనగనగా సముద్రానికి ఒక సీర ఉన్నాదంట..."

అల ఆగింది. అందరూ, పిల్లలతో సహా, కావాలనే నోళ్ళు బిగించుకున్నారు.

చీకట్లో, తలుపు పక్క నుంచి, ఒంటరిగా వినిపించింది.

"ఊ."

"అదీ!" అంది తాతమ్మ. నవ్వుల నడుమ అల మళ్ళీ కదిలింది.