దేవుడి గూట్లో నెత్తిళ్ల పొట్లం

మోనిక వేవిళ్ల మీద ఉంది. నోరు నెత్తిళ్ల ఎండుచేపల వేపుడుకు లాగుతోంది. నగరిలో ఆమె మెట్టినింట నీచు గడప దాటదు. పెళ్లినాడే తెలిసిన సంగతి. కడుపులో బిడ్డకు తెలియదు గదా.

పోయినసారి ఆమె తండ్రి వెంకటముని వేపుడును అరిటాకులో కట్టుకుని బస్సెక్కాడు. పుత్తూరు చేరకముందే వాసన బస్సంతా తిరిగొచ్చింది. కండక్టరు మనిషినీ మూటనూ కలిపి దించేశాడు. ఈసారి పాకాలలో అంగడి మునిరామయ్యను అడిగితే, ఫాయిల్ పేపరు చుట్ట తీసి ముందు పెట్టాడు. గాలి దూరదు, తడి దిగదు, నూనె కారదు, ఎట్లా మడిస్తే అట్లా పడి ఉంటుందని పెళ్లికొడుకు గుణాలు చెప్పినట్టు చెప్పుకొచ్చాడు.

"వాసన సంగతేందప్పా?"

"లోపలేముండాదో దేవుడిక్కూడా తెలీదు."

భార్య వరదమ్మ వేపుడు చల్లార్చి మూడు పొరలు చుట్టింది. తిరుపతిలో బస్సు మారాక, పక్క సీటు గుండాయన వెంకటముని ఒళ్లోకే వాలి గుర్రు పెట్టాడు. ముక్కు కూడా చిట్లించలేదు. వెంకటమునికి ఆ కాగితం మీద భక్తి కుదిరింది.

నగరిలో వియ్యపురాలు చంద్రకాంతమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. తిరుపతి మీదుగా వచ్చానన్నాడు. తిరుపతి మీదుగా వచ్చిన మనిషి చేతిలో మెరిసే పొట్లం ప్రసాదం గాక ఇంకేమవుతుంది? ఆమె దాన్ని అందుకుని, కళ్లకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టి హారతిచ్చింది. వెంకటముని కూడా హారతి కళ్లకద్దుకున్నాడు. మోనిక దేవుణ్ణి వదిలేసి పొట్లానికే దండం పెట్టుకుంది.

హారతయ్యాక చంద్రకాంతమ్మ పొట్లం విప్పింది. మూడో పొర దగ్గర చెయ్యి ఆగింది. వాసన గూడు నిండి, ఇంటి వెనక మగ్గాల గది దాకా పోయింది. అక్కడ పవర్లూమ్ ఆగిపోయింది.

పెంట మీదికి పోతుందనుకుని మోనిక కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దేవుడి పటాన్ని చూసింది, పొట్లాన్ని చూసింది.

"దేవుడికి పెట్టింది పారేయకూడదు. వాకిట్లో కూసోని తిను. ఒక్క తలకాయ గూడా మిగల్చొద్దు."

తర్వాత వియ్యంకుడి వైపు తిరిగింది. "అన్నా, ఇంకోసారి అరిటాకులోనే కట్టుకోని రా. వాసనొస్తే వాకిట్లోనే ఆపేస్తా."

అట్లేనమ్మా అన్నాడు వెంకటముని.

సాగనంపడానికి వీధి మలుపు దాకా వచ్చిన మోనిక ఇంకా వేళ్లు నాకుతోంది. "నాయనా, ఆ కాగితం ఇంకా ఉండాదా?"

చుట్ట పెద్దదే కొన్నానని చెప్పి ఆయన బస్సెక్కాడు.