నాచుకు పెట్టిన తుప్పు

"రేపట్నుంచి కేరియర్‌లో ఇంకో మనిషికి సరిపడా పెట్టు. ఢిల్లేశ్వరి గార్డెన్ రీచ్ నుంచి రెండు బస్సులు మారి వస్తోంది, పాపం" అన్నాడు రఘురాం సాక్సు వెతుక్కుంటూ.

పాపంట! అరుంధతి చేతిలో గరిట పప్పులోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట తన కోసం ఆయన నోట ఒక్కసారైనా వచ్చిందా? నూటరెండు జ్వరంతో దోసెలు పోసిన రోజు "కాస్త పలచగా పోయలేకపోయావా" అన్న మనిషి! కడుపు భగ్గుమన్నా, మర్నాటి నుంచి కేరియర్‌లో నాలుగో గిన్నె చేరనే చేరింది.

ఆ పిల్ల రఘురాం ప్రాజెక్టులో కొత్తగా చేరిన సహాయకురాలు. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి గార్డెన్ రీచ్ రేవులో మూటలు మోశాడు, తండ్రి క్రేను నడుపుతాడు, ఇంటికి మొదటి ఎమ్మెస్సీ ఈ పిల్లే. ప్రాజెక్టు సంగతి కూడా చెప్పుకోవాలి. సాల్ట్ లేక్ దాటాక వాళ్ల సంస్థకి ఓ గేదెల కొట్టం ఉంది. పేడ తొట్టిలో మగ్గితే గ్యాసొస్తుంది. అందులో మండే భాగం పొయ్యికి, మండని బొగ్గుపులుసు వాయువు నాచుకి. గాజు గొట్టాల్లో పచ్చటి నీళ్లలోకి గ్యాసు బుడబుడా వదిలితే నాచు ఆ వాయువుని తిని బలుస్తుంది. ఎండబెట్టిన నాచు మళ్లీ గేదెలకే దాణా. వినడానికి ముచ్చటే. కానీ ఆ గ్యాసులో కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషం కూడా ఉంటుంది. అది తగిలి నాచు మూడుసార్లు చచ్చింది.

చావనిది అరుంధతి బాల్కనీలో హార్లిక్స్ సీసాల్లో ఉన్న నాచు ఒక్కటే. పదిరోజులకోసారి పాలకి తోడేసినట్టు పాత సీసాలోంచి రెండు చెంచాలు కొత్త నీళ్లలో వేసి, ఎండకి జరిపి, నీడకి లాగి ఆరేళ్లుగా సాకుతోంది. తనూ ఎమ్మెస్సీ బోటనీయే మరి. "తుప్పుపట్టిన ఇనుము గుండా గ్యాసు పంపి చూడండి, తుప్పు ఆ విషాన్ని పట్టేస్తుంది" అని చెప్పిందీ తనే. "వంటింట్లోంచి కెమిస్ట్రీ పాఠాలా?" అని నవ్వాడాయన. నవ్వితే నవ్వాడు లెమ్మని నది దాటి టికియాపారా వెళ్లి, లేత్ షాపుల బయట వానకి తడిసి ఎర్రబడ్డ ఇనప రజను గోనెసంచీలో మోసుకొచ్చింది. దాన్ని డబ్బాలో నింపి గ్యాసు గొట్టానికి బిగిస్తే నాచు బతికింది. రిపోర్టులో మాత్రం "మేము కనుగొన్నాము" అని పడింది. ఆ మేములో తను లేదు.

మొగుడి కోసమే కుళ్లుకుంటున్నానని మొదట్లో అనుకుంది. సిగ్గు విడిచి ఆయన చొక్కాలు వాసన కూడా చూసింది. పేడ కంపు తప్ప ఇంకేమీ లేదు. బుధవారం ఆయన కేరియర్ మర్చిపోతే తీసుకుని కొట్టానికి వెళ్లినప్పుడు తెలిసింది అసలు మంట ఎక్కడుందో. ఢిల్లేశ్వరి తెల్లకోటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, ప్రయోగాల పుస్తకంలో తారీఖు వేసి సంతకం పెడుతోంది. ఎంత మామూలుగా పెడుతోందో! మొగుణ్ణి కావాలంటే నువ్వే ఉంచుకోవే తల్లీ, ఆ పెన్ను మాత్రం ఇలా ఇయ్యి అనాలనిపించింది.

శనివారం ప్రాజెక్టు చూడ్డానికి కమిటీ వాళ్లొస్తున్నారు. బంద్ లేని శనివారం దొరకడానికే రెండు నెలలు పట్టింది. పిల్ల లేచి, గ్యాసు గొట్టానికి బిగించిన డబ్బా విప్పి, తుప్పంతా చెత్తలో బోర్లించింది.

"ఇదేటి మేడమ్, ఇంత మురికిగున్నాది! సార్ అన్నీ తళతళ మెరవాలన్నారు" అంటూ గిన్నెలు తోమే స్టీలు పీచు పేకెట్లు విప్పి డబ్బా నిండా కుక్కింది.

మెరిసే స్టీలు ఆ విషాన్ని పట్టదు. మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది అరుంధతి. చావనీ! సంతకం పెట్టిన మహాతల్లే చూసుకుంటుంది. కేరియర్ బల్ల మీద పెట్టేసి బస్సెక్కింది. దారంతా ఒక పక్క సంబరం, ఒక పక్క పీకులాట.

శుక్రవారం మధ్యాహ్నానికి నాచు టీ నీళ్ల రంగుకి తిరిగింది. సాయంత్రం రఘురాం ఆ పిల్లని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. మెట్ల మీదనుంచే తిట్లు వినిపిస్తున్నాయి. "బుర్ర ఉందా అసలు? చేసే పని మీద ధ్యాస ఉంటేగా! ఇంత చిన్న పని కూడా చేతకాదా? సంజాయిషీ రాసిచ్చి పో, సోమవారం నుంచి రానక్కర్లేదు." ఒక్కో మాటా అరుంధతికి కంఠతా వచ్చు. మాడిన కూరకీ, దొరకని తాళంచెవికీ ఇరవై రెండేళ్లుగా ఇదే పాట. ఢిల్లేశ్వరి చున్నీతో ముక్కు తుడుచుకుంటూ, పుస్తకం గుండెకి అదుముకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అరూ, నీ సీసాలన్నీ ఇచ్చెయ్. కలిపితే ఒక్క గొట్టమైనా పచ్చగా కనిపిస్తుంది. రేపు వాళ్ల భోజనాలు మనింట్లోనే. పులిహోర చెయ్" అన్నాడు రఘురాం.

కసి తీరితే హాయిగా ఉంటుందనుకుంది. ఆ తిట్లన్నీ తనకే తగిలాయి. ఆ పిల్ల మొహం చూడలేక చెయ్యి చాపింది.

"ఆ పుస్తకం ఇలా ఇయ్యమ్మా."

కారణం అన్నచోట ఖాళీగా ఉంది. అరుంధతి ఇంగ్లీషులో రాసి, పైకి తెలుగులో చదివింది. "నాచు చావుకి కారణం: తుప్పు తీసేసి స్టీలు పెట్టడం. తుప్పు పద్ధతి కనిపెట్టినది అరుంధతి, ఎమ్మెస్సీ బోటనీ. బుధవారం దాన్ని తీసేస్తుంటే ఎదురుగా నిలబడి, ఏమవుతుందో తెలిసి, అసూయ కొద్దీ చెప్పనిది కూడా ఆమే." తారీఖు వేసి సంతకం పెట్టింది.

"పిచ్చిగానీ పట్టిందా నీకు? చింపు ఆ పేజీ!"

"సింపకూడదు సార్" అంది ఢిల్లేశ్వరి, ఏడుపు మధ్యలోనే. "పేజీలకి నెంబర్లున్నాయి."

"రేపు వాళ్లు చదివి, ఎవరీ అరుంధతి అని అడిగితే?"

"అడుగుతారు" అంది అరుంధతి, సీసాలు సంచీలో సర్దుకుంటూ. "అందుకే భోజనాలు బయట చెప్పండి. చెప్పడానికి నేను కొట్టం దగ్గర ఉండాలి."