నాయనమ్మ చేతి చాప

నడినెత్తిన ఎండ. మోకాలి లోతు బురదలో వంగి తుంగ కోస్తోంది కూర్మమ్మ. నడుము విరిగిపోతోంది, అయినా ముఖంలో నవ్వు చెదరలేదు. ఎలా చెదురుతుంది! మనవరాలు పుట్టి ఇరవై రోజులయింది, రేపే ఉయ్యాల.

నరసన్నపేట పొలిమేరలో బ్యాటరీల ఫ్యాక్టరీ వాళ్లు మూడేళ్ల కిందట తవ్వించిన మడుగు అది. మురుగునీటిని బాగుచేస్తుందని తుంగ నాటారు. మనిషెత్తు పెరిగింది. కోసిన మోపులు కాంట్రాక్టరు మురళీమోహన్ లారీలో నౌపడ వైపు చాపలల్లేవాళ్లకు పోతాయి. అంత మంచి తుంగ కళ్ల ముందే పోతుంటే, చాపలల్లే ఇంట పుట్టిన మనిషి చెయ్యి ఊరుకుంటుందా? ఒక మోపు ఇంటికి పట్టుకుపోయింది. వాళ్లింట్లో పసిబిడ్డకు నాయనమ్మ అల్లిన చాపే తొలి పడక. ఒక్కో కాడనూ పళ్లతో కరిచిపట్టి చీల్చి, ఎండబెట్టి, అల్లింది. పురుడు వెళ్లిన దగ్గర్నుంచి, పది రోజులుగా పిల్ల దాని మీదే పడుకుంటోంది.

మడుగు నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లడానికి ఆ మధ్యాహ్నం కౌముది అనే అమ్మాయి వచ్చింది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కాళ్లకు బూట్లు. పెళ్లికూతురిలా ఈ సింగారమేమిటని కూర్మమ్మ ఆటపట్టించింది. కౌముది నవ్వలేదు. నీళ్లలో సీసం ఉందనీ, తుంగ దాన్ని పీల్చి తనలో దాచుకుంటుందనీ, కోసిందంతా ప్లాస్టిక్ పరిచిన గోతిలో పూడ్చాలనీ చెప్పింది. పూడ్చే పని మురళీమోహన్‌దేనట. పసిపిల్లల దగ్గరకైతే ఆ తుంగను అసలు రానివ్వకూడదంది.

కూర్మమ్మ కొడవలి గట్టు మీద పడేసి ఇంటికి పరుగెత్తింది. ఏమయిందని కోడలు రేఖ అడుగుతున్నా వినకుండా పిల్లను ఎత్తి ఆమె ఒళ్లో పెట్టింది, చాప చుట్టి చంకన పెట్టుకుంది. పాపిష్టిదాన్ని, నా చేతులతోనే అల్లాను కదా అని దారంతా ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి లారీ ఇంకా నిండలేదని మురళీమోహన్ కేకలేస్తున్నాడు. ఆమె చెప్పింది విని తేలిగ్గా తీసిపారేశాడు.

"ఆ పిల్ల సదివిందేటో సెప్తాది. తాతల కాడ్నుంచి తుంగ మీదే తొంగుంటన్నాం, ఎవులికేటయింది? ఎత్తండి మోపులు."

కూర్మమ్మ చంకలోని చాప తీసింది. ఇంటికొచ్చిన చుట్టానికి పరిచినంత మర్యాదగా గట్టు మీద చాప పరిచింది.

"కూకో బాబూ. నా మనవరాలు పది దినాలు తొంగున్న సాప. నువ్వొక్క గడియ కూకుంటే లారీ నానే నింపుతాను."

మోపులెత్తుకున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మురళీమోహన్ చాప వంక చూశాడు, లారీ వంక చూశాడు. మోగని ఫోను తీసి చెవికి ఆనించుకున్నాడు.

ముందుగా ధనలక్ష్మి తన తల మీది మోపు దించింది. తర్వాత ఇంకొకామె. కూర్మమ్మ చాప పక్కన నేల మీద చతికిలబడి అతని వైపే చూస్తోంది.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు.