నలుగురు కూర్మమ్మలు

కూర్మమ్మ జబ్బలో సూది దిగబోతుంటే అచ్చమ్మ పరుగున వచ్చి నర్సు చెయ్యి పట్టుకుంది. ఈ కూర్మమ్మకు పెన్సిలిన్ పడదు. మూడేళ్ల కిందట ఈ బరంపురం ఆసుపత్రిలోనే ఆ సూదికి ఊపిరాడక పడిపోయింది. పాత చీటీ మీద ఎర్ర సిరాతో ఆ సంగతి రాసింది రికార్డుల గది అచ్చమ్మే. నర్సు నవ్య చూసుకున్న కంప్యూటరులో మాత్రం ఏ మందైనా పడుతుందని ఉంది.

ఎందుకుండదు! సోనేపూర్ జాలరిపేట ఆడవాళ్లు ఎక్కడికెళ్లినా ఐసు కొట్టు సూరన్న ఫోను నంబరే చెబుతారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవాళ్లతో వేటకు పోతుంది మరి. పేటలో కూర్మమ్మలు నలుగురు. పేరూ నంబరూ కలిస్తే ఒకే మనిషి అనుకునే ఈ కొత్త సాఫ్ట్‌వేరు నలుగురినీ ఒక్కరిని చేసి, చివర వచ్చినామె వివరాలు ఉంచుకుని మిగతావి చెరిపేసింది.

తల్లి పేరూ ఇంటిపేరూ అడిగే సాఫ్ట్‌వేరు ఇంకొకటి వచ్చింది. డాక్టర్లంతా అదే కావాలన్నారు. అయితేనేం, ఇప్పుడు పెట్టింది ఆసుపత్రి ట్రస్టు కార్యదర్శి వెంకటరమణమూర్తి గారి అల్లుడు తెచ్చింది. అల్లుడి సరుకు పుచ్చినా మామకు తీపే. దీని నెల రోజుల పరీక్ష బాగా జరిగిందనీ, పాత చీటీలు తగలబెట్టవచ్చనీ అచ్చమ్మ సంతకం చేస్తే చాలు, కొనేస్తారు.

సాయంత్రం ఆయన అచ్చమ్మను తన గదిలోకి పిలిచాడు. పొద్దుటి సూది గురించి ఒక్క ముక్క అడగలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగం మార్చితో ఆగిపోవచ్చని మాత్రం నెమ్మదిగా గుర్తు చేశాడు. సిగ్గులేని మనిషి!

"మిషను తప్పేటుంది? తప్పు నంబరు సెప్పింది ఆళ్లు. సంతకం సెయ్యి."

"నంబరొక్కటే బాబూ, పేణాలు నాలుగు. నాను సెయ్యను."

 ఇంట్లో సంపాదన అచ్చమ్మదొక్కటే. అయినా కాగితం వెనక్కి జరిపేసింది.

కంప్యూటరు వాడేవాళ్లెవరి సంతకమైనా చెల్లుతుందని ఆయన నవ్యను పిలిపించాడు. చేరి రెండు నెలలు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కాగితం ముందు పెట్టి, పెన్ను మూత తీసి అందించాడు.

నవ్య కాగితం పైనుంచి కిందికి చదివింది. పొద్దున సూది పట్టుకున్న చేతిని, పెన్ను అందుకోకుండా వెనక్కి పెట్టుకుంది.